నేపాళ విద్యార్థుల విదేశయాత్ర

క్రీ. శ. 1902వ సంవత్సరమున నేపాళ దేశము నేలుచుండిన రాణా ప్రభుత్వము ఎనమండుగురు యువకులను ఎన్నుకొని, వారి వ్యయమంతయు తానే భరించి, గనులు, ఆయుధములు, యంత్రములు, వ్యవసాయము మున్నగు విషయములను నేర్చి రండని జపాను దేశమునకు పంపెను. సముద్రము దాటి విద్యార్థులుగా పోయిన నేపాళీయులలో వీరిని ప్రథమ బృందముగా చరిత్రకారులు గణించుదురు. నేడు అదే దేశమున, విదేశములలో చదువుటకై విద్యామంత్రిత్వశాఖ నుండి నిరభ్యంతర పత్రము గైకొనువారు ఒక్క ఏటిలోనే లక్షకు మించుచున్నారు. ఎనమండుగురెక్కడ, లక్షమంది యెక్కడ! ఈ రెంటి నడుమ గడచిన నూట ఇరువది యేండ్ల వృత్తాంతమును విచారించి చూచినచో ఒక విషయము తేటపడును. నేపాళ విద్యార్థి త్రోవలో గడియ వేసిన తలుపు లేని కాలము మిక్కిలి స్వల్పము. తొలుత ఆ గడియ వాని స్వగృహముననే లోపలివైపున ఉండెను, పిమ్మట అది తీయబడి, కొంతకాలమునకు పరుల వాకిండ్లకు మాఱెను.

విద్యార్జనకై ఇల్లు విడిచిపోవుట మాత్రము నేపాళీయులకు క్రొత్త గాదు. కొండసీమల బ్రాహ్మణ కుమారులు ఉపనయనమైన పిదప మూటముల్లె గట్టుకొని, దక్షిణమున మైదానములకు దిగి, కాశీక్షేత్రమునకు పోయి, అచ్చటి సత్రములలో భుజించుచు వ్యాకరణ జ్యోతిష ధర్మశాస్త్రముల నభ్యసించుట తరతరములుగా సాగిన ఆచారము. కాశిలో లలితాఘట్టము మీద, అంతస్తులుగా వాలిన కప్పుతో, నిలువెల్ల దారుశిల్పముతో నేపాళ రాజులు గట్టించిన పశుపతినాథాలయము నేటికిని నిలిచి, ఆ పురమునకును ఈ కొండప్రజకును గల చుట్టఱికమునకు సాక్ష్యమిచ్చుచున్నది. తెలుగుదేశము నుండి తర్క వేదాంతములు చదువబోయిన మన పండితులును ఆ ఘట్టముల మీదనే గదా సంచరించిరి! ఆ యాత్రకు అనుమతిపత్రము లేదు. బొక్కసము చూపుమనువాడు లేడు. తిరిగి ఎప్పుడు పోయెదవని యడుగువాడును లేడు. గురువు శిష్యునిగా స్వీకరించినచో అదియే చాలును.

సముద్రయానము సంగతి వేఱు. 1846లో కోట్ హత్యాకాండముతో అధికారమును చేజిక్కించుకొన్న జంగ్ బహాదుర్ రాణా 1850లో ఇంగ్లండుకును ఫ్రాన్సుకును పోయినప్పుడు తన వంటవారిని వెంట గొనిపోయి, ఆంగ్లేయ ప్రభువుల విందులకు హాజరయ్యును వారితో కలిసి భుజింపక, తిరిగి వచ్చుచు తీర్థములను సేవించి, కులమును నిలుపుకొనెను. సామాన్యుడు సముద్రము దాటినచో రాజగురువుల వలన 'పతియా' యను శుద్ధిపత్రము పొందినగాని మఱల పంక్తిలో కూర్చుండజాలడు. మొదటి ప్రపంచ యుద్ధము నుండి మరలివచ్చిన గూర్ఖా సైనికులకు సైతము ఈ శుద్ధి తప్పలేదు. ఆంధ్రదేశమునను ఆ కాలమున సీమకు పోయివచ్చినవారికి ప్రాయశ్చిత్తమా, వెలియా యను వివాదములు జరిగినవే గనుక ఈ ఆచారమును చూచి మనము నవ్వ నక్కఱలేదు. గమనింపదగిన దేమనగా, ఆ దినములలో విదేశయాత్రికుని నిలిపి ప్రశ్నించినది పరదేశపు రేవు గాదు; స్వదేశపు గడప.

విద్య విషయమునను రాణాల నీతి ఇట్టిదే. ఇంగ్లండు నుండి వచ్చిన జంగ్ బహాదుర్ ఆంగ్లవిద్య లేనిదే బ్రిటిషువారితో నెగ్గుకొనివచ్చుట దుష్కరమని గ్రహించి, థాపాథలీ ప్రాసాదముననే ఒక పాఠశాల నెలకొల్పి, ఆంగ్లోపాధ్యాయుని నియమించెను. 1854 నాటి ఆ దర్బారు పాఠశాలలో చదివినవారు రాణాల బిడ్డలే. ప్రజల బిడ్డలకు అందు ప్రవేశము దొరకుటకు మూడు దశాబ్దములు పట్టెను. 1901లో ప్రధానియైన దేవ్ శంశేర్ ఊరూర మాతృభాషా పాఠశాలలను తెఱపింప యత్నించి, 'గోర్ఖాపత్ర' యను వార్తాపత్రికను ప్రారంభింపజేసి, 114 దినములు పాలించునంతలో సోదరులచే పదభ్రష్టుడయ్యెను. ఆయనను త్రోసి గద్దెనెక్కిన చంద్ర శంశేర్, కలకత్తా విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడైన చదువరియే. చదువు ఎంతటి శక్తియో ఎఱిగినవాడు గనుకనే అది ఎవరికి ఎంత కొలిచి యీయవలెనో కూడ లెక్కకట్టిన వాడు.

జపానుకు ఎనమండుగురిని పంపినవాడు ఈ చంద్ర శంశేరే. ఆసియాఖండమున పాశ్చాత్యులకు తలవంచక, వారి విద్యను మాత్రము గ్రహించి, బలపడుచున్న రాజ్యము నాడు జపాను ఒక్కటియే యగుటచే ఆ యెన్నిక జరిగియుండును. నాడు కాఠ్మాండు లోయ నుండి బయటపడు త్రోవయే ఒక పరీక్ష. థాన్‌కోట్ దాటి, చంద్రగిరి నెక్కి, చిత్లాంగ్ లోయలోనికి దిగి, మఱల చీసాపానీ గఢీ కొండ నెక్కి, భీంఫేదీ వద్ద అడుగు మోపి, అటుపిమ్మట తరాయి అడవిని దాటవలెను. ఎండకాలము మొదలుకొని వానలు వెలయు వఱకు ఆ యడవిలో ఒక్క రాత్రి నిదురించినవాడు మన్యపు జ్వరము పాలగునని కొండవారు భయపడెడివారు. లోయలోనికి వచ్చువారి రహదానీలను, అనగా అనుమతిపత్రములను, చీసాపానీ గఢీలో కావలివారు పరీక్షించెడివారు. ఇట్టి మార్గము గల రాజ్యమునుండి కొందఱు యువకులు వేసవి నాటికి యొకొహామా రేవున దిగిరనగా, ఆ దూరము యోజనములతో కొలుచునది గాదు.

వారు చదివిరి, తిరిగి వచ్చిరి. జపాను నుండి తెచ్చిన మొక్కలలో నేపాళీయులు హలువాబేద్ అని పిలుచు ఫలవృక్షము ఆ కొండలలో నాటుకొని, నేడు శీతకాలమున కాఠ్మాండు అంగళ్ళలో ఆ నారింజవన్నె పండ్లు రాసులుగా కనబడును. చెట్టు నాటుకొన్నది గాని విద్య నాటుకొనలేదు. గనులు నేర్చివచ్చినవానికి దేశమున పెద్ద గనులు లేవు. యంత్రములు నేర్చివచ్చినవానికి కర్మాగారము లేదు. నేపాళమున తొలి పెద్ద పరిశ్రమయైన విరాట్‌నగర్ జనపనార మిల్లు స్థాపితమైనది 1936లో. అప్పటికి ఆ ఎనమండుగురు జపాను వెడలి మూడు దశాబ్దములు దాటిపోయెను. విదేశమునకు పోయినవాడు తిరిగి వచ్చునా యని నేడు ప్రపంచమంతయు ప్రశ్నించుచున్నది. తిరిగి వచ్చినవానికి చేయుటకు పని యున్నదా యను రెండవ ప్రశ్నను చరిత్ర 1902 నాటి బృందము విషయముననే వేసియుండెను.

ఇంతకును రాణాలు ప్రజల విద్యకు ఎంత వెఱచిరో తెలియుటకు రెండు ఉదంతములు చాలును. 1920లో కృష్ణలాల్ అధికారి యను ఉద్యోగి మొక్కజొన్న సేద్యమును గూర్చి ఒక పుస్తకమును వ్రాయగా, అందు ప్రభువుల నెత్తిపొడుపు దాగియున్నదని నేరము మోపి, వానిని చెఱలో నుంచిరి. పాపము, ఆతడు కారాగారముననే ప్రాణములు విడిచెను. 1930లో కాఠ్మాండు నగరమున ఒక సార్వజనిక గ్రంథాలయము నెలకొల్ప దలచి సంతకములు చేసిన యువకులకు జుల్మానా విధించిరి. పిమ్మట మహాకవియని కీర్తిగన్న లక్ష్మీప్రసాద్ దేవ్‌కోటా వారిలో ఒకడు. ఇదే ప్రభుత్వము 1918లో త్రిచంద్ర కళాశాలను తెఱచిన మాట నిజమే. యువకులు కలకత్తా, కాశీ, పాట్నాలకు పోయి రాజకీయములు నేర్చుకొనుటకన్న కన్నుల యెదుట చదువుకొనుట మేలను ఆలోచనయు అందులో లేకపోలేదు. ఆ కళాశాల తొలుత కలకత్తా విశ్వవిద్యాలయమునకును పిదప పాట్నా విశ్వవిద్యాలయమునకును అనుబద్ధమై యుండెను గనుక నేపాళీయుని పట్టము మీద ముద్ర మాత్రము పరదేశముదియే.

ప్రభువులు వెఱచినట్లే జరిగినది. ప్రవాసమున పెరిగిన విశ్వేశ్వర ప్రసాద్ కోయిరాలా కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, కలకత్తాలో న్యాయశాస్త్ర మభ్యసించి, భారత స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని, చెఱ కేగి, తుదకు 1959లో నేపాళమునకు ప్రజలెన్నుకొన్న తొలి ప్రధానియయ్యెను. 1947లో కాఠ్మాండులోని తీన్‌ధారా సంస్కృత పాఠశాల విద్యార్థులు తమకు చరిత్ర, భూగోళము, అర్థశాస్త్రము వంటి నవీన విషయములను కూడ బోధింపవలెనని 'జయతు సంస్కృతమ్' అను నినాదముతో వీథులకెక్కగా, వారిలో పలువురిని దేశము నుండి వెడలగొట్టిరి. వారు నేరుగా కాశికి పోయి, రాణా వ్యతిరేకోద్యమమున చేరిరి. ఆ దేశమున విప్లవమునకు తొలి శిక్షణాలయము విదేశవిద్యయే యనుట అతిశయోక్తి గాదు. 1950 జూలై 31న కుదిరిన భారత నేపాళ మైత్రీ సంధి, ఉభయదేశ ప్రజలకు పరస్పర సంచార స్వేచ్ఛను లిఖితపూర్వకముగా స్థిరపఱచెను. నేపాళీ విద్యార్థి భారతదేశములో చదువుటకు నేటికిని వీసా అక్కఱలేదు. తక్కిన ప్రపంచము వానికి ఎంత కష్టసాధ్యమో గ్రహించుటకు ఈ ఒక్క దిక్కున గల సౌలభ్యమే కొలమానము.

1951 ఫిబ్రవరిలో రాణా పాలన అంతరించెను. జనాభాలో అక్షరములు చదువగలవారు నూటికి ఐదుగురైనను లేని ఆ దేశమునకు అకస్మాత్తుగా ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు, గణకులు కావలసివచ్చిరి. వారిని తయారుచేయుటకు విశ్వవిద్యాలయమే లేదు. త్రిభువన్ విశ్వవిద్యాలయము పుట్టినది 1959లో. వైద్యవిద్యాసంస్థ 1972లో ఏర్పడినను దేశములోనే ఎం.బి.బి.యస్. బోధన ఆరంభమగుటకు 1978 రావలసివచ్చెను. కావున భారతదేశము, 1952లో నేపాళము చేరిన కొలంబో ప్రణాళిక, అమెరికా సహాయసంస్థ, సోవియట్ రష్యా మున్నగు దాతలు విద్యార్థివేతనము లిచ్చి నేపాళ యువకులను పిలిచిరి. మాస్కోలోని ప్రజామైత్రీ విశ్వవిద్యాలయమున చదివిన ఇంజనీరును, ఢిల్లీలో చదివిన వైద్యుడును, అమెరికాలో చదివిన విద్యావేత్తయు కాఠ్మాండులోని ఒకే కార్యాలయములో ఒకే బల్ల చుట్టు కూర్చుండి పనిచేసిన కాలమది. పంపునది ప్రభుత్వము, పిలుచునది ప్రభుత్వము, వచ్చిన తోడనే కుర్చీ చూపునది ప్రభుత్వము. ఆ తరములోని పెక్కుమంది తిరిగి వచ్చుటకు వీసా నిబంధనల కాఠిన్యము కారణము గాదు. తమకై ఖాళీగానున్న కుర్చీయే కారణము. పూర్వోత్తరములను పరికించినచో, తలుపులు రెండువైపుల తెఱచియుండిన కాలము 1951 తరువాతి ఈ కొన్ని దశాబ్దములే.

1990 నాటి ప్రజోద్యమముతో బహుపక్ష ప్రజాస్వామ్యము మరలివచ్చెను. ప్రైవేటు పాఠశాలలు పుట్టగొడుగులవలె పుట్టెను. ఆంగ్లము నేర్చిన మధ్యతరగతి పెరిగెను. కుర్చీలు మాత్రము పెరుగలేదు. 1996 నుండి 2006 వఱకు సాగిన మావోయిస్టు యుద్ధకాలమున పల్లెలలోని పాఠశాలలు ఇరుపక్షముల నడుమ నలిగెను. ఊరిలో ఉన్నచో అటువారు దళములో చేర్చుకొందురనియు, ఇటువారు అనుమానించి పట్టుకొందురనియు వెఱచి, తలిదండ్రులు పొలములమ్మి బిడ్డలను మొదట కాఠ్మాండుకు, అచ్చటినుండి విమానాశ్రయమునకు పంపిరి. యుద్ధము ముగిసినను ప్రవాహము ఆగలేదు. నాలుగేండ్ల పట్టము పరీక్షల యాలస్యముచే అయిదేండ్లకు, అంతకు మించియు సాగుచుండగా యువకునకు ఓర్పు నశించుటలో వింత యేమున్నది? 2021 జనగణనలో విదేశములయందున్నట్లు లెక్కకు వచ్చిన నేపాళీయులు సుమారు 22 లక్షలు. దాతల వేతనముతో పోవు విద్యార్థి స్థానమున స్వంత ధనముతో, అప్పుతో పోవు విద్యార్థి వచ్చెను. చరిత్రలో ఇది గొప్ప మలుపు. ఏలయన వేతనము పొందు విద్యార్థి ఆహూతుడైన అతిథి, స్వంత ధనముతో పోవువాడు కొనుగోలుదారుడు. అతిథిని మర్యాదతో పిలుతురు. కొనుగోలుదారుని ధనమును స్వీకరించుచునే వాని ఉద్దేశములను శంకింతురు.

ఈ శంకకు చట్టరూపము మునుపే కలదు. అమెరికా 1952లో చేసిన వలసచట్టపు 214బి విభాగము ప్రకారము, తాత్కాలిక వీసా కోరు దాదాపు ప్రతివాడును స్థిరనివాసమునకే వచ్చుచున్నాడని ముందుగా ఊహింపవలెను. అట్లు గాదని అధికారిని ఒప్పించు భారము దరఖాస్తుదారునిదే. గవాక్షము నెదుట నిలుచుండు కొలది నిమిషములలో ఇరువదేండ్లవాడు తన హృదయములోని భావి సంకల్పమును ఎట్లు రుజువుచేయును? తెలుగు తలిదండ్రులకు ఈ విభాగసంఖ్య ఎంత చిరపరిచితమో కాఠ్మాండు తలిదండ్రులకును అంతే.

ఆస్ట్రేలియా కథ మఱింత బోధప్రదము. 2007 మొదలు 2009 వఱకు వంట, క్షౌరకర్మ వంటి వృత్తివిద్యలను బోధించు ప్రైవేటు కళాశాలలు ఆ దేశమున వెల్లువగా వెలసి, ఆ వృత్తులకు స్థిరనివాసార్హత ముడిపడియుండుటచే, భారత నేపాళ విద్యార్థులు వేలకొలదిగా అందు చేరిరి. ఆ ముడిని వేసినది విద్యార్థి గాడు, ఆ దేశపు ప్రభుత్వమే. 2010లో కొఱత వృత్తుల పట్టికను మార్చి ఆ ముడిని విప్పినప్పుడు మాత్రము, కళాశాలలు కొన్ని మూతపడగా, నష్టపోయినవాడు విద్యార్థియే. 2011 నవంబరులో 'నిజమైన తాత్కాలిక ప్రవేశార్థి' యను నూతన పరీక్షను ప్రవేశపెట్టిరి: చదువు ముగియగానే వెడలిపోవు ఉద్దేశము గలదని దరఖాస్తుదారుడు నమ్మింపవలెను.

అంత నేపాళ యువకుడు ఇంటనే కూర్చుండెనా? లేదు, జపాను వైపు తిరిగెను. 2011లో జపానులో నున్న నేపాళ విద్యార్థులు రెండువేల పైచిలుకు. 2018 నాటికి 24 వేలు దాటిరి. 2024లో 64 వేలు దాటి, చైనా తరువాత రెండవ స్థానము నాక్రమించిరి. 1902లో ఎనమండుగురు పోయిన చోటికి శతాబ్దము గడచిన పిదప వేలమంది పోవుట కాకతాళీయము గాదు. ముదుసలులు పెరిగి పనివారు తగ్గిన ఆ దేశము, భాషాపాఠశాలలో చేరిన విద్యార్థికి వారమునకు 28 గంటల పని చేయుట కనుమతినిచ్చి, తన అంగళ్ళను నడపుకొనుచున్నది. రాత్రి కార్ఖానాలో అన్నపు పొట్లములు కట్టి, ఉదయము తరగతిలో కాంజీ లిపి దిద్దుచు, కునికిపాట్లు పడు విద్యార్థిని చదువరి యనవలెనా, కూలి యనవలెనా? అందు మొదటి పదము వీసాలో వ్రాయబడును. రెండవది వాని దినచర్యలో.

ఇట్లుండగా 2023 చివర నుండి పెక్కు ఆంగ్లభాషా దేశములు కూడబలుకుకొన్నట్లు తలుపులు దగ్గఱికి వేయనారంభించెను. కెనడా 2024 జనవరి నుండి విద్యార్థి చూపవలసిన జీవనధనమును 10,000 డాలర్ల నుండి 20,635 డాలర్లకు పెంచి, ఆ నెలలోనే అనుమతుల సంఖ్యకు పరిమితిని ప్రకటించెను. బ్రిటను అదే జనవరి నుండి, పరిశోధక విద్యార్థులు మున్నగు కొందఱు మినహా తక్కినవారు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకొనుటను నిషేధించెను. ఆస్ట్రేలియా 2024 మార్చిలో ఆంగ్ల ప్రావీణ్య పరీక్షలో 5.5 చాలునన్న చోట 6.0 కావలెనని, మే నెలలో జీవనధనము 29,710 డాలర్లు చూపవలెనని, జూలైలో దరఖాస్తు రుసుము 710 డాలర్లకు బదులు 1,600 డాలర్లు చెల్లింపవలెనని శాసించి, 2025 జూలైలో ఆ రుసుమును 2,000 డాలర్లకు పెంచెను. ఇది నేపాళ రూపాయలలో లక్షన్నరకు మించిన మొత్తము; వీసా నిరాకరించినను ఆ ధనము తిరిగి రాదు. 'తాత్కాలిక ప్రవేశార్థి' పరీక్షను తొలగించి 'నిజమైన విద్యార్థి' పరీక్షను పెట్టినదియు ఆ 2024 మార్చిలోనే: నీ కుటుంబస్థితి యేమి, ఈ చదువే యేల, ఈ దేశమే యేల, దీనివలన నీకేమి మేలు, అను ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 150 మాటలకు మించకుండ ఉత్తరము వ్రాయవలెను. అమెరికా 2025 మే చివర విద్యార్థి వీసాల నూతన సంభాషణములను కొన్ని వారములు నిలిపివైచి, జూన్‌లో మఱల ప్రారంభించుచు, దరఖాస్తుదారులు తమ సామాజిక మాధ్యమముల ఖాతాలను అందఱికిని కనబడునట్లు తెఱచియుంచవలెనని కట్టడి చేసెను.

ఈ శాసనములు కాన్‌బెఱాలో, ఒటావాలో, లండనులో పుట్టినను, వాని బరువు మోయునది కాఠ్మాండులోని పుతలీసడక్, బాగ్‌బజార్, డిల్లీబజార్ వీథులు. అచ్చట ఒక్కొక్క భవనమునకు అంతస్తు కొక విదేశవిద్యా కన్సల్టెన్సీ. బోర్డుల మీద దేశదేశముల జెండాలు. మెట్ల మీద ఐయెల్ట్స్ పుస్తకములు చంకనిడుకొన్న ఝాపా, చిత్‌వన్, రూపందేహీ జిల్లాల యువతీయువకులు. ఒకని దస్త్రమును విప్పి చూచినచో దేశపాలన స్వరూపమంతయు అందు కానవచ్చును. సానోఠిమీలోని పరీక్షల బోర్డు నుండి మార్కుల పత్రము. బల్ఖులోని విశ్వవిద్యాలయ పరీక్షా కార్యాలయమునుండి ట్రాన్‌స్క్రిప్టు. వార్డు కార్యాలయము నుండి తండ్రికిని కొడుకునకును గల బాంధవ్యమును ధ్రువపఱచు 'నాతా ప్రమాణిత్' పత్రము. అదే కార్యాలయము నుండి వార్షికాదాయ పత్రము. ఇల్లు, పొలముల విలువ కట్టిన ఇంజనీరు నివేదిక. చార్టర్డు అకౌంటెంటు సంతకము. బ్యాంకు విద్యాఋణ పత్రము. వీనికన్నిటికిని ఆంగ్లానువాదము, నోటరీ ముద్ర. మీదుమిక్కిలి స్వదేశపు నిరభ్యంతర పత్రము. ఏలకుల తోటయు, ఎనుములును గల కొండరైతునకు నెలసరి జీతపు చీటీ ఎక్కడిది? ఆదాయము చేతులలో ఉండును గాని కాగితములలో ఉండదు. కావున నియమము కఠినమైన కొలది కాగితము కొనుక్కొనువాడు పెరుగును, కాగితమమ్మువాడు బలియును, కాగితము చేతగాని నిజాయితీపరుడు వెనుకబడును. ఈ వ్యాపారమున కన్సల్టెన్సీకి ముఖ్యమైన రాబడి విద్యార్థి నుండి గాక, అతనిని చేర్చుకొను విదేశ కళాశాల యిచ్చు కమీషను నుండి వచ్చుననుట మఱువరాదు.

ఆతిథ్యదేశముల పక్షమును గూడ న్యాయముగా చెప్పవలెను. నగరములలో ఇండ్లు దొరకక అద్దెలు మిన్నుముట్టుట వాస్తవము. చదువు పేర చేరి, మూడవ నెలనే తరగతి మాని, చౌక కళాశాలకు మాఱినవారు కలరనుట వాస్తవము. దొంగ బ్యాంకు పత్రములు పట్టుబడుటయు వాస్తవమే. ఎవరిని తమ యింటికి రానీయవలెనో నిర్ణయించు హక్కు ప్రతి రాజ్యమునకును కలదు. కాని ఆ విశ్వవిద్యాలయములు తమ భవనములను, పరిశోధనలను విదేశవిద్యార్థుల రుసుముల మీద నడపుచు, సంతలకు ప్రతినిధులను పంపి పిలిచి, పిలుపు నందుకొని వచ్చినవానిని దొంగవలె చూచుట ఏ ధర్మము? ధనము కావలెను, మనిషి వలదనుట ఎంతకాలమో చెల్లునది గాదు.

ఇంతకును కాఠిన్యము ఫలించినదా? చరిత్ర చూపిన యంతవఱకు, కాఠిన్యము ప్రవాహమును ఆపలేదు. దిశ మార్చినది, వెల పెంచినది. ఆస్ట్రేలియా 2010లో బిగించినప్పుడు జపాను నిండెను. ఆస్ట్రేలియా, కెనడాలు 2024లో బిగించిన యేడు అమెరికాలోని నేపాళ విద్యార్థులు 16 వేల నుండి 24 వేలు దాటిరి. అమెరికా బిగించిన పిమ్మట మఱియొక దేశపు జెండా పుతలీసడక్ బోర్డు మీదికెక్కును. వెల పెరుగుటచే ఆగిపోవువాడు మాత్రము వేఱు: చదువులో దిట్టయై, ఇల్లు తాకట్టు పెట్టుటకైనను ఇల్లు లేనివాడు. కాఠ్మాండులో మేడ గలవాని కొడుకునకు 29,710 డాలర్లు చూపుట ఒక మధ్యాహ్నపు పని. నియమము చదువును పరీక్షింపదలచి ధనమును పరీక్షించుచున్నది. రాణాల దర్బారు పాఠశాల ద్వారమునను జరిగినది ఇదియే, కాకున్న అచ్చట వంశము నడిగిరి, ఇచ్చట బ్యాంకు నిల్వ నడుగుచున్నారు.

తెలుగు పాఠకునకు ఈ కథ పరాయిది గాదు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వీథులు పుతలీసడక్‌కు తోబుట్టువులు. పొలమమ్మి కొడుకును అమెరికా పంపిన గుంటూరు, కరీంనగరు తండ్రియు, ఝాపాలో తేయాకుతోట కుదువబెట్టిన తండ్రియు ఒకే వార్తకై చేతిఫోను చూచుకొనుచుందురు. భేదమొక్కటి కలదు. తెలుగు విద్యార్థికి వీసా రాకున్నను హైదరాబాదులో ఉద్యోగము దొరకు నవకాశము కలదు. నేపాళీయునకు అట్టి నగరము తన దేశమున ఇంకను ఏర్పడలేదు. కావుననే ఒకే నిరాకరణ పత్రము ఇచ్చట ఆశాభంగము, అచ్చట గల్ఫు విమానమునకు టికెట్టు.

కనుక నేపాళ పాలకులు విదేశముల నిబంధనలను గూర్చి రాయబారులతో మొఱపెట్టుకొనుటకు ముందు తమ ఇంటి లెక్కను సరిచూచుకొనవలెను. పరీక్షల ఫలితములను సకాలమున ప్రకటించుటకు ఏ విదేశపు అనుమతియు అక్కఱలేదు. కన్సల్టెన్సీలు విదేశ కళాశాలల నుండి ఎంత కమీషను పుచ్చుకొనుచున్నవో విద్యార్థికి వ్రాతమూలకముగా తెలుపవలెనని శాసించుటకు ఎవరి సహాయమును వలదు. విదేశపట్టముతో మరలివచ్చినవానికి కార్యాలయముల చుట్టు తిప్పక పని చూపుట అన్నిటికంటె ముఖ్యము. తిరిగి పోయెదవా యని వీసా అధికారి అడుగు ప్రశ్నకు ఇరువదేండ్ల యువకుడు ఎంత చక్కని ఉత్తరము వ్రాసినను అది సత్యము గాజాలదు. ఆ ఉత్తరము వ్రాయవలసినవారు వాని దేశమును పాలించువారు. 1902లో పోయిన ఎనమండుగురు తిరిగి వచ్చి తమ మాట నిలుపుకొనిరి. నేపాళ రాజ్యము మాత్రము నాటి బాకీని ఇంతవఱకు తీర్చలేదు.